నిలబడి తిన్నది లెక్కలోకి రాదా?

"మీరు నిజం చెప్పడం లేదు మేడమ్" అన్నాడా డాక్టరు. నా ముఖం కేసి కాదు, ఎదురుగా ఉన్న కంప్యూటర్ కేసి చూస్తూ అన్నాడు.

2022 వేసవి అది. నాకు 47 ఏళ్ళు. అయిదు నెలల పాటు రోజూ రాసుకున్న నోటుబుక్కు ఆయన బల్ల మీద పెట్టాను. పొద్దున రెండు ఇడ్లీలు, చట్నీ. మధ్యాహ్నం కప్పు కొర్రన్నం, పప్పు, కూర, మజ్జిగ. రాత్రి ఒక జొన్నరొట్టె, ఆకుకూర. రోజూ యాభై నిమిషాల నడక. జ్వరం వచ్చిన నాలుగు రోజులు తప్ప ఎక్కడా ఖాళీ లేదు. జనవరిలో 78 కిలోలు, మే నెలలో 77న్నర. థైరాయిడ్ మాత్ర ఎన్నేళ్ళుగానో వేసుకుంటున్నాను, టీఎస్‌హెచ్ ఉండాల్సిన చోటే ఉంది. ఆయన పేజీలు గబగబా తిరగేసి, "ఈ లెక్క నిజమైతే ఈపాటికి కనీసం ఆరేడు కిలోలు తగ్గాలి. తగ్గలేదంటే ఏదో తింటున్నారు. ఒళ్ళు అబద్ధం చెప్పదు కదా" అన్నాడు.

బయటికొచ్చి ఆటో ఎక్కాక గాని నాకు ఏడుపు రాలేదు. ఎందుకేడుస్తున్నానో అప్పుడు సరిగా తెలియలేదు కూడా. లావుగా ఉన్నావనే మాట నాకు కొత్త కాదు. పెళ్ళిళ్ళలో పిన్నుల దగ్గర్నుంచి కాలేజీలో అటెండరు దాకా ఎవరో ఒకరు అంటూనే ఉంటారు. ఈ దెబ్బ వేరే చోట తగిలింది. నా మాట చెల్లలేదు. నా ఒంట్లోకి ఏం వెళుతోందో చెప్పడానికి నాకన్నా నా ఒంటికే ఎక్కువ అర్హత ఉందన్నాడాయన. నాకు వ్యతిరేకంగా నా ఒంటి చేతనే సాక్ష్యం చెప్పించాడు.

స్త్రీల ఉద్యమంలో కాస్తో కూస్తో తిరిగిన వాళ్ళకి ఈ పద్ధతి పరిచయమే. 1978లో మథుర కేసులో సుప్రీంకోర్టు ఏమంది? ఒంటి మీద గాయాల గుర్తులు లేవు కాబట్టి ఆ అమ్మాయి ప్రతిఘటించలేదంది. 1979లో నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు రాసిన బహిరంగ లేఖతో దేశమంతా కదిలింది. ఆ అమ్మాయి అనుభవించినదాన్నీ నా బరువు గొడవనీ ఒకే తక్కెడలో పెట్టే సాహసం చేయను. కానీ స్త్రీ నోటి మాటని పక్కకి నెట్టి ఆమె ఒంటిని చదివేసుకునే అలవాటు ఎంత పాతదో, ఎన్ని గదుల్లోకి పాకిందో గుర్తుచేసుకోక తప్పదు. కోర్టు, పోలీస్ స్టేషన్, పంచాయితీ, పురిటిగది. అందులో బరువు తూచే యంత్రం కూడా ఒకటి.

ఇంతటితో ఆపేస్తే ఈ వ్యాసం నాకు సుఖంగా ఉండేది. పెత్తందారు డాక్టరు, అవమానపడిన స్త్రీ, పితృస్వామ్యం. మీరు కూడా తలూపేవారు. కానీ ఆయన సగం కరెక్టు. ఆ సగాన్ని దాటేసి మిగతాది రాయలేను.

కోపం చల్లారాక చదవడం మొదలుపెట్టాను. మన శరీరాల గురించి మనమే తెలుసుకోవాలని ‘సవాలక్ష సందేహాలు’ పుస్తకం దగ్గర నేర్చుకున్న తరం మాది. 1992లో ఒక అమెరికన్ వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనం దొరికింది. ఎంత తక్కువ తిన్నా బరువు తగ్గడం లేదని ఏళ్ళ తరబడి చెబుతున్న పదిమందిని తీసుకుని, వాళ్ళు నిజంగా ఖర్చుపెడుతున్న శక్తిని ప్రత్యేకమైన నీళ్ళు తాగించి కొలిచారు. వాళ్ళ శరీరాలు మామూలుగానే పనిచేస్తున్నాయి. తిన్నదాన్ని మాత్రం సగటున 47 శాతం తక్కువగా, చేసిన శ్రమని 51 శాతం ఎక్కువగా చెప్పారు. చదివి పుస్తకం మూసినట్టు కంప్యూటర్ మూసేశాను. రెండు రోజులు మళ్ళీ తెరవలేదు.

మూడోరోజు బజారుకెళ్ళి చిన్న వంటింటి తూకం కొన్నాను. ఈసారి నియమం ఒకటే. నోట్లోకి వెళ్ళే ప్రతిదీ రాయాలి, ఎక్కడ తిన్నా, ఎలా తిన్నా.

వారం తిరక్కుండానే విషయం తేలింది. ఉప్పు సరిపోయిందో లేదో చూడ్డానికి గరిటెడు కూర. అబ్బాయి పళ్ళెంలో వదిలేసిన రెండు ముద్దల పప్పన్నం, పారెయ్యడానికి చెయ్యి రాక. గిన్నె అడుగున మిగిలిన పులిహోర, ఆ కాస్తకి ఫ్రిజ్‌లో ఇంకో గిన్నె ఎందుకని. దోసెలు పోస్తూ పోస్తూ విరిగిన దోసె. స్టాఫ్‌రూమ్‌లో ఎవరిదో పుట్టినరోజు, వద్దంటే బాధపడతారని కేకు ముక్క. శనివారం గుడి నుంచి మా అత్తగారు తెచ్చిన ప్రసాదం, వద్దనకూడదని. రోజుకి నాలుగు టీలు, ఒక్కోదాంట్లో రెండు చెంచాల చక్కెర. అన్నీ కలిపితే రోజుకి నాలుగైదు వందల కేలరీలు. నోటుబుక్కులో ఒక్కటీ లేదు.

మరి నేను అబద్ధం చెప్పానా? ఈ ప్రశ్న నన్ను చాలా రోజులు వదల్లేదు. దాచాలనుకుని దాచలేదు. అసలు అవి నాకు "తినడం"గా కనబడనే లేదు. తినడమంటే నా దృష్టిలో పళ్ళెం పెట్టుకుని కూర్చోవడం. నిలబడి, నడుస్తూ, పొయ్యి దగ్గర, సింకు దగ్గర తిన్నది తిండి కాదు, పని. మిగలకుండా చూడడం పని. రుచి చూడడం పని. ఎవరి మనసూ నొప్పించకుండా కేకు ముక్క నోట్లో పెట్టుకోవడం కూడా పనే. మన జనాభా లెక్కలు ఇంటిపనిని పని కింద లెక్కకట్టవని మనం ఎన్ని వ్యాసాలు రాశాం! ఆ లెక్కలు రాసేవాణ్ణి నా బుర్రలోనే కూర్చోబెట్టుకున్నానని తెలియలేదు. పగలంతా చేసిన చాకిరీ పని కానట్టే పగలంతా తిన్నది తిండి కాలేదు. విమల ‘వంటిల్లు’ కవితని పాతికేళ్ళుగా క్లాసులో చెబుతున్నాను. నా వంటింట్లో నేను తినేది మాత్రం నాకు కనబడలేదు.

అబద్ధం వేరు, పొరపాటు వేరు, చూడలేకపోవడం వేరు. మూడోదాన్ని డాక్టరు మొదటిదనుకున్నాడు. "ఏదో తింటున్నారు" అనడానికి బదులు "మీ ఇంట్లో ఎవరెవరు ఎప్పుడెప్పుడు తింటారు, మీరెప్పుడు కూర్చుంటారు?" అని అడిగి ఉంటే అయిదు నిమిషాల్లో ఇద్దరికీ అర్థమయ్యేది. ఆయన చెప్పిన విషయంలో నిజముంది. ఆయన నా మీద వేసిన అభియోగంలో నిజం లేదు.

ఇక్కడ నాకు మా అమ్మ గుర్తొచ్చింది.

మా అమ్మ భారీ మనిషి. అందరికీ వడ్డించి, చివర్న గిన్నెలన్నీ ముందేసుకుని, ఏది మిగిలితే అది తినేది. ఏ రోజైనా కూర మిగలకపోతే ఆవకాయ ముక్క. "మీ అమ్మ గాలి పీల్చినా లావెక్కుతుందర్రా" అని నాన్న నవ్వించేవాడు. "నేను తినేదెంతని?" అనేది అమ్మ. ఎప్పుడూ అదే మాట, అదే గొంతు. నాకప్పుడు పదిహేనేళ్ళు. అమ్మ మాట నేను నమ్మలేదు. ఒకరోజు జంతికల డబ్బాకి బయట పెన్సిల్‌తో సన్నటి గీత గీశాను, ఎంతవరకు ఉన్నాయో గుర్తుగా. మర్నాటికి జంతికలు గీత కిందికి దిగాయి. రాత్రి భోజనాల దగ్గర డబ్బా తెచ్చి అందరికీ చూపించాను. అందరూ నవ్వారు. అమ్మ కూడా నవ్వింది. ఆ జంతికలు ఎవరు తిన్నారో ఇప్పటికీ నాకు తెలియదు. ఇంట్లో తమ్ముడున్నాడు, నేనూ ఉన్నాను.

1999లో మెడ దగ్గర వాపు చూసి ఎవరో చెబితే అమ్మకి పరీక్ష చేయించాం. థైరాయిడ్ సరిగా పనిచేయడం లేదని తేలింది. ఎన్నేళ్ళ నుంచో ఎవరికి తెలుసు. మాత్రలు మొదలుపెట్టాక ఆమె సన్నగా ఏమీ అయిపోలేదు. నీరసం తగ్గింది, అంతే. కానీ అంతకుముందు ఆమె నీరసాన్ని బద్ధకమనీ, ఒళ్ళు బరువనీ అన్నవాళ్ళలో స్త్రీవాద వ్యాసాలు రాయబోయే ఒక కూతురు కూడా ఉంది.

నా లెక్క దగ్గరికి వస్తాను. నిజాయితీగా తూచి, రాసి, తిన్నాక ఎనిమిది నెలల్లో ఆరు కిలోలు తగ్గాను. 72. అందరూ మెచ్చుకున్నారు. ఆ తర్వాత ముల్లు కదల్లేదు. అదే తిండి, అదే నడక, పైగా వారానికి మూడు రోజులు బరువులెత్తడం మొదలుపెట్టాను. నాలుగు నెలలు అక్కడే ఉండి, మెల్లగా 73, 74. ఇప్పుడు 75. ఈసారి ప్రసాదం మెతుకు కూడా రాశాను. నా లెక్కలో తప్పు లేదు.

ఇది కూడా చదివి తెలుసుకున్నాను. బరువు తగ్గిన ఒంటికి అంతకుముందంత తిండి అక్కర్లేదు. పైగా చిన్నదైన ఒంటికి కావలసినదానికన్నా కూడా తక్కువ ఖర్చుతో అది సరిపెట్టుకుంటుంది. 2016లో అమెరికాలో బరువు తగ్గే టీవీ పోటీలో పాల్గొన్న 14 మందిని ఆరేళ్ళ తర్వాత మళ్ళీ పరీక్షించారు. తగ్గిన బరువులో ఎక్కువ భాగం తిరిగి వచ్చింది. కానీ విశ్రాంతిలో వాళ్ళ శరీరం ఖర్చుపెట్టే శక్తి మాత్రం ఉండాల్సినదానికన్నా రోజుకి దాదాపు 500 కేలరీలు తక్కువగానే ఉండిపోయింది. 2011లో ఆస్ట్రేలియాలో చేసిన మరో అధ్యయనంలో, పది వారాల డైట్ చేసినవాళ్ళకి ఏడాది గడిచాక కూడా ఆకలి పుట్టించే హార్మోన్లు పాత స్థాయికి దిగలేదు. కరువు కాలంలో బతికి బయటపడ్డవాళ్ళ సంతానం మనం. బరువు తగ్గడాన్ని మన ఒళ్ళు విజయం అనుకోదు, కరువనుకుంటుంది. నడక సంగతీ అంతే. 2012లో టాంజానియాలోని హడ్జా వేటగాళ్ళని కొలిచి చూస్తే, రోజంతా తిరిగే వాళ్ళు ఖర్చుపెట్టే శక్తి, ఒంటి పరిమాణాన్ని లెక్కలోకి తీసుకున్నాక, నగరాల్లో కూర్చుని పనిచేసేవాళ్ళకన్నా ఎక్కువేం లేదు. ఒళ్ళు ఒకచోట ఖర్చయినదాన్ని ఇంకోచోట పొదుపు చేసుకుంటుంది. నెలాఖరులో ఇల్లు నడిపే ఆడవాళ్ళకి ఈ విద్య వేరే చెప్పక్కర్లేదు.

ఇంకో సంగతి చెప్పాలి. 1944-45లో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో యాన్సెల్ కీస్ 36 మంది యువకుల మీద ఒక ప్రయోగం చేశాడు. యుద్ధంలో పాల్గొనం అని చెప్పి, దాని బదులు దీనికి స్వచ్ఛందంగా వచ్చినవాళ్ళు వాళ్ళు. ఆరు నెలల పాటు రోజుకి సుమారు 1,570 కేలరీలు పెట్టారు, బాగా నడిపించారు. బరువులో నాలుగో వంతు పోయింది. పగలూ రాత్రీ తిండి ధ్యాసే. వంటల పుస్తకాలు చదువుకున్నారు, పళ్ళేలు నాకారు, కొందరు నియమం తప్పి దొంగతనంగా తిన్నారు. ఆ పుస్తకం పేరులోనే "స్టార్వేషన్" ఉంది. అది ఆకలి బాధ మీద శాస్త్రం. నాకు ఒక క్లినిక్‌లో ఇచ్చిన డైట్ చార్టులో 1,200 కేలరీలున్నాయి. మగవాళ్ళు చేస్తే ఉపవాస యాతన, మనం చేస్తే క్రమశిక్షణ. వాళ్ళు తప్పితే శరీర ధర్మం, మనం తప్పితే నోరు కట్టుకోలేకపోవడం. మన బరువుకి తీర్పు చెప్పే బీఎంఐకి 1972లో ఆ పేరు పెట్టిందీ ఈ కీసే. అందుకు ఆయన పరీక్షించిన ఏడు వేలమందికి పైగా మనుషులూ మగవాళ్ళే.

"చేసుకున్నవాళ్ళకి చేసుకున్నంత" అంటారు మన ఇళ్ళలో. ఫలితాన్ని చూసి కర్మని లెక్కకట్టడం మనకి అంత సహజం. వితంతువుని చూసి, పిల్లలు లేనిదాన్ని చూసి, ఏ జన్మలో ఏం చేసుకుందో అన్నారు. ఈ జన్మలోనే, ఈ వారంలోనే ఏం తిందో అని మనల్ని చూసి అంటున్నారు. పాత కర్మ సిద్ధాంతాన్ని ఎదిరించిన మనం ఈ కొత్తదాన్ని సైన్సు అనుకుని ఒప్పేసుకున్నాం. సన్నగా ఉన్నవాళ్ళు పుణ్యం చేసుకున్నవాళ్ళు. లావుగా ఉన్నవాళ్ళు ప్రాయశ్చిత్తం చేసుకోవాల్సినవాళ్ళు. ప్రయత్నానికీ ఫలితానికీ మధ్య వయసు, ముట్లుడగడం, థైరాయిడ్, పీసీఓఎస్, వంశం, నిద్ర, మందులు ఎన్నున్నా, ఆ మధ్య జాగాని చెరిపేసి నేరుగా గుణం మీదికి వచ్చేస్తారు.

2025 మార్చిలో మౌంజారో, జూన్‌లో వెగోవీ మన దేశంలోకి వచ్చాయి. వారానికో ఇంజెక్షన్. ఆకలి తగ్గుతుంది, బరువు తగ్గుతుంది. వచ్చినప్పుడు ఖరీదు నెలకి వేలల్లో. నోరు కట్టుకోమని ఏళ్ళుగా చెప్పిన నోళ్ళే ఇప్పుడు "ఇది ఆకలి సంకేతాలకు సంబంధించిన జబ్బు" అని చెబుతున్నాయి. తీసుకోవాలో వద్దో నేనింకా తేల్చుకోలేదు. కానీ ఒక్కటి అడగాలనిపిస్తుంది. సూదిమందుతో ఎవరి శీలమూ మెరుగుపడదు కదా? మందు సర్దిన దాన్ని మీరు ఇన్నాళ్ళూ మనోబలం అని ఎలా పిలిచారు?

ఇంకో మాట, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నది. ఇంతా తెలిసి నేనెందుకు తగ్గాలనుకున్నాను? 1993లో ‘నీలిమేఘాలు’ వచ్చినప్పుడు మేం డిగ్రీ పిల్లలం. ఒంటి గురించి ఆడవాళ్ళు సిగ్గుపడకుండా రాయొచ్చని ఆ కవితల్లో చూశాం. నా విద్యార్థినులకి అందం కొలతలు ఎవరు పెట్టారో చెబుతాను. ఇంటికొచ్చి మంచం కింద దాచిన తూకం మెషీన్ బయటికి లాగుతాను. అడిగితే మోకాళ్ళనీ, షుగర్ అంచున ఉందనీ చెబుతాను. అది నిజమే. పట్టుచీర జాకెట్టు పట్టినరోజు అద్దం ముందు పది నిమిషాలు నిలబడిందీ నేనే. ఆ రెండు కోరికల్నీ విడదీసి ఇది ఆరోగ్యం, ఇది లొంగుబాటు అని చెప్పడానికి చాలా ప్రయత్నించాను. చేతకాలేదు. సన్నబడాలనుకున్నందుకు స్త్రీవాదిగా సిగ్గు, సన్నబడనందుకు ఆడదానిగా సిగ్గు. ఒకే ఒంటికి రెండు వైపుల నుంచీ పన్ను కడుతున్నాను.

ఇది కడుపు నిండినవాళ్ళ బాధ కదా అని మీలో ఎవరైనా అంటే కాదనలేను. కానీ పూర్తిగా ఒప్పుకోలేను కూడా. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 24 శాతం ఆడవాళ్ళు ఉండాల్సినదానికన్నా ఎక్కువ బరువున్నారు. 57 శాతం మందికి రక్తహీనత. ఈ రెండు లెక్కలూ వేర్వేరు ఆడవాళ్ళవే కానక్కర్లేదు. మా ఇంట్లో పనిచేసే ఆమె అయిదిళ్ళు తిరుగుతుంది. మనిషి లావే, హిమోగ్లోబిన్ 8. పొద్దున టీ బన్ను, మధ్యాహ్నం ఎవరింట్లో ఏది మిగిలితే అది, రాత్రి రేషన్ బియ్యం, పచ్చడి. ఆస్పత్రిలో ఆమెనీ బరువు తగ్గమన్నారు. "నేను తినేదెంతమ్మా?" అంది వచ్చి. మా అమ్మ గొంతే. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఇంత చదివాక, ఇంత అనుభవించాక కూడా, ఆ మాట వినగానే నా మనసులో మొదట మెదిలింది అనుమానమే. మనకి జరిగిన అన్యాయం మనల్ని దానంతటదే న్యాయంగా మార్చదు.

మరి దేనికి నేను జవాబుదారీ? ఇప్పటికి నాకు తోచింది ఇంతే. నేను చేసే పనికి నేను జవాబుదారీ. నడక మానలేదు, మానను. నడక వల్ల షుగర్ అదుపులో ఉంది, మెట్లెక్కితే ఆయాసం లేదు. ఆ లాభాలు కిలోలతో నిమిత్తం లేకుండా వచ్చాయి. కూర్చుని తింటున్నాను, అబ్బాయి పళ్ళెం అబ్బాయే కడుక్కుంటున్నాడు. కానీ 75 అనే అంకెకి నేను సంజాయిషీ చెప్పను. అది నా నడత మీద సర్టిఫికెట్ కాదు. ఇంకొకరి బరువు చూసి వాళ్ళ నడత చదివే హక్కు నాకూ లేదు. మొదటిది నేర్చుకోవడం తేలికే, రెండోదే కష్టం.

మొన్న సంక్రాంతికి వెళ్ళినప్పుడు అమ్మని అడిగాను. "ఆ జంతికల డబ్బా గుర్తుందా అమ్మా? నేను గీత గీశాను."

"గుర్తు లేకేం."

"ఆ రోజుల్లో నీ మాట నమ్మలేదు నేను."

అమ్మ చిక్కుళ్ళు ఒలుస్తోంది. తలెత్తకుండానే అంది, "నేను మాత్రం నమ్మానా ఏంటి? మీరంతా అంటుంటే, నాకే తెలియకుండా ఎప్పుడైనా తింటున్నానేమోనని అనుమానమొచ్చేది. ఆ డబ్బా పైఅరలో పెట్టించేశా, నాకందకుండా."

నేను క్షమాపణ చెప్పడానికని వెళ్ళాను. కానీ ఆ మాట విన్నాక ఏం చెప్పాలో తోచలేదు. ఒక మనిషి మాటని పదేపదే నమ్మకపోతే జరిగేది ఇదన్నమాట. ఆమెకి ఎదుటివాళ్ళ మీద కోపం రాదు, తన మీద తనకే నమ్మకం పోతుంది. తన ఆకలికి తానే సాక్షి కాకుండా పోతుంది. డాక్టరు దగ్గర్నుంచి వస్తూ ఆటోలో నేనేడ్చింది అందుకేనేమో. ఒక్క క్షణం ఆయన చెప్పింది నిజమేనేమో, నేను అబద్ధాలకోరునేమో అనుకున్నాను.

ఆమె పక్కన కూర్చుని నేనూ చిక్కుళ్ళు ఒలిచాను. మధ్యాహ్నం ఇద్దరం కలిసి, కూర్చుని తిన్నాం. అమ్మ రెండోసారి అన్నం పెట్టుకుంటూ నా వంక ఓసారి చూసింది. నేను పళ్ళెంలోంచి తలెత్తలేదు.